కళ్ళు మూసుకోని మనిషి

ప్రార్థన జరుగుతున్నంతసేపూ కళ్ళు మూసుకోవాలని మా పేటలో పిల్లలకు మాటలతోపాటే నేర్పుతారు. తెరిస్తే ఏమవుతుందో మాత్రం ఎవరూ చెప్పరు. నాకు చిన్నప్పట్నుంచీ అది తేల్చుకోవాలనే ఉండేది. ఒక క్రిస్మస్ ముందు మా ఇంట్లో గృహప్రార్థన పెట్టుకున్నారు. పాస్టరు గారు మంచి ఊపు మీద ఉండగా, ధైర్యం చేసి ఒక కన్ను తెరిచాను.

ఏమీ కాలేదు. అందరూ తలలు వంచుకుని చాపల మీద కూర్చునే ఉన్నారు. కానీ పక్కింటివాళ్ళ మేక గుమ్మంలోంచి లోపలికి వచ్చి, గోడకు కట్టిన రంగుకాగితాల తోరణాన్ని నమలడం మొదలుపెట్టింది. నాకు ఎటూ పాలుపోలేదు. అరిస్తే కళ్ళు తెరిచిన సంగతి బయటపడుతుంది, ఊరుకుంటే తోరణం పోతుంది. ఇంతలో మా అమ్మ పక్కన కూర్చున్నావిడ చప్పుడు కాకుండా లేచింది. ఆవిడ కళ్ళు అప్పుడు తెరిచినవి కావు. మొదట్నుంచీ తెరిచే ఉన్నాయని చూడగానే తెలిసిపోయింది. ఎవరి కాలూ తొక్కకుండా చాపల మధ్యనుంచి నడిచి, మేక చెవి పట్టుకుని, నోట్లో కాగితం లాక్కుని, దాన్ని బయటికి నడిపించింది. సరిగ్గా అప్పుడే పాస్టరు గారు గొంతు పెంచి, ఈ ఇంట్లో దూరిన సాతానును ఈ క్షణమే వెళ్ళగొట్టమని ప్రభువును వేడుకున్నారు. మేక గుమ్మం దాటింది. అందరూ గట్టిగా ఆమెన్ అన్నారు.

ఆవిడ నావైపు చూసింది. నేను నవ్వాపుకోలేక గౌను అంచు నోట్లో కుక్కుకున్నాను. ఆవిడ తొణక్కుండా వచ్చి తన చోట కూర్చుని, తడిసిన కాగితం ముక్కను మడిచి బొడ్లో దోపుకుంది. ఆ రోజునుంచి మేమిద్దరం ఒక జట్టు. తర్వాత ఎక్కడ ఎవరు ప్రార్థన చేసినా నేను కాసేపాగి ఒక కన్ను తెరిచేదాన్ని. ఆవిడ కళ్ళు కనపడేవి. ఎవరు నిద్రపోతున్నారో, ఎవరు పక్కవాళ్ళ కొత్త చీర అంచు తడిమి చూస్తున్నారో కళ్ళతోనే నాకు చూపించేది.

ఆవిడ పేరు రాయను. "నా పేరు రేషన్ కార్డు మీద ఉందిలే, చాలు" అనే మనిషి. మా అమ్మకు అక్క వరస, నాకు పెద్దమ్మ. రక్తసంబంధం వెతికితే దొరకదు గానీ, ప్రత్తిపాడు అవతల మా ఊళ్ళో, ముఖ్యంగా మా పేటలో, వరసలకు రక్తంతో పనిలేదు. భర్త నడివయసు రాకముందే పోయాడు, పిల్లల్లేరు. రెండు గదుల ఇల్లు, వసారాలో నులక మంచం, మంచం కింద ఎప్పుడు చూసినా మిరపకాయల తట్ట.

మిరపకోతలో ఆవిడ చెయ్యి చాలా వడి. కోతకు వెళ్ళినవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో మొక్కల సాలు పట్టుకుని కోసుకుంటూ పోతారు. మా అమ్మ కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు అందరికన్నా వెనకబడేదట. గట్టుమీద నిలబడి రైతు కేకలేస్తుంటే కళ్ళనీళ్ళు పెట్టుకునేదట. పెద్దమ్మ తన సాలు ముగించుకుని, అవతలి చివరినుంచి మా అమ్మ సాల్లోకి దిగి, ఎదురు కోసుకుంటూ వచ్చేది. ఇద్దరూ సాలు మధ్యలో కలిసేవాళ్ళు. సాయం చేశానన్న మాట ఒక్కనాడూ ఆవిడ నోటివెంట రాలేదు. "అయిందిగా, పదవే, నీళ్ళు తాగుదాం" అనేదట. మా అమ్మ ఇప్పటికీ ఆ సంగతి చెబుతూ చెబుతూ ఆగిపోతుంది.

కోత మొదలయ్యే రోజున రైతు భార్య చేను మొదట్లో కొబ్బరికాయ కొట్టి అందరికీ ముక్కలు పంచేది. మా పేట ఆడవాళ్ళు వద్దనలేక తీసుకుని, కొంగున ముడేసుకుని, వచ్చేటప్పుడు కాలవలో పారేసేవాళ్ళు. పెద్దమ్మ తన ముక్క తిని, వాళ్ళ కొంగుల్లోవి కూడా అడిగి తీసుకునేది. తప్పు కదక్కా అని మా అమ్మ అంటే, "వాళ్ళ కూలి తింటన్నాం, కొబ్బరిముక్క తింటే తప్పొచ్చిందా" అనేది. ఆ తర్వాత మావాళ్ళు పురుగూ పుట్రా ముట్టకూడదని ఒక ప్రార్థన చేసుకునేవాళ్ళు. రైతు భార్య తలమీద కొంగు కప్పుకుని భక్తిగా నిలబడేది. ఈ రెండు పూజల మధ్యా తీరిగ్గా కొబ్బరి నములుతూ నిలబడ్డ మనిషి మా పెద్దమ్మ ఒక్కతే.

మరి చర్చికి వచ్చేది కాదా అంటే, ఒక్క ఆదివారం కూడా మానేది కాదు. అందరికన్నా ముందే వచ్చి చాపలు పరిచేది. పాట ఎత్తుకోవాలంటే ఆవిడే ఎత్తుకోవాలి. పాటకు గొంతు కావాలి గానీ నమ్మకం ఎందుకని తర్వాతెప్పుడో నాతో అంది. చూపు ఆనని మరియమ్మ మామ్మకు రోజూ సాయంత్రం బైబిలు చదివి వినిపించేది కూడా ఆవిడే. యుద్ధాలు వచ్చినచోట గొంతు మార్చి చదివేది. అంత చదివీ నమ్మకం రాలేదా అని నేను పెద్దయ్యాక ఒకసారి అడిగితే, "పేపరు కూడా రోజూ చదువుతా గదే" అంది.

అసలు చిక్కంతా ప్రభు భోజనం దగ్గర వచ్చింది. మా సంఘంలో నెలలో మొదటి ఆదివారం రొట్టెముక్కల పళ్ళెం, చిన్నచిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం వరసలవెంట చేతులు మారుతూ వస్తాయి. మనసులో పాపం దాచుకుని తీసుకోవద్దని పాస్టరు గారు ముందే హెచ్చరిస్తారు. పళ్ళెం పెద్దమ్మ దగ్గరికి వచ్చేది. ఆవిడ అందుకుని, ఏమీ తీసుకోకుండా, పక్కావిడకు అందించేది. ప్రతి నెలా అంతే. వంద కళ్ళు అది చూసేవి.

తీసుకోలేదంటే పాపం ఉన్నట్టు. ఇన్నేళ్ళుగా తీసుకోలేదంటే చాలా పెద్ద పాపం ఉన్నట్టు. మరి ఏమిటా పాపం? మా పేట దీనిమీద బాగా శ్రమపడింది. పెద్దమ్మ వయసులో ఉండగా ఒక ఏడాది కోతలు లేక వేటపాలెం వెళ్ళి జీడిపప్పు పనిలో చేరింది. తిరిగొచ్చిన తర్వాతే పళ్ళెం దాటించడం మొదలుపెట్టిందని ఎవరో లెక్క కట్టారు. ఇంకేముంది, అక్కడ ఒక మేస్త్రీ పుట్టాడు. ఆ మేస్త్రీకి రంగు, ఎత్తు, సైకిలు, చివరికి ఒక పెళ్ళాం కూడా సమకూరాయి. మా పేటలో పాపానికి వేటపాలెం మారుపేరైపోయింది. పళ్ళెం పెద్దమ్మ చేతుల్లోంచి దాటగానే ఆడవాళ్ళ వరసలో ఎవరో ఒకరు పెదవులతోనే "వేటపాలెం" అనేవాళ్ళు. నిజానికి అక్కణ్ణుంచి ఆవిడ తెచ్చుకున్నదల్లా జీడి అంటి నల్లబడ్డ వేళ్ళు.

ఇందులో తమాషా ఏమిటంటే, ఆ ద్రాక్షరసం కాచేది పెద్దమ్మే. నల్లద్రాక్ష కడిగి, కాచి, వడగట్టి, శనివారం సాయంత్రానికి గిన్నె మూతకు గుడ్డ కట్టి చర్చికి పంపేది. శుభ్రంలో ఆవిడకు సాటి లేదని పాస్టరమ్మ గారికి గట్టి నమ్మకం. పాపంలో ఉన్న మనిషి రసం కాయడమేమిటని సంఘపెద్ద ఒకసారి పట్టుబట్టి ఆ పని తన కోడలికి ఇప్పించాడు. ఆ అమ్మాయి తొందరపడి గురువారమే కాచి పెట్టింది. ఎండాకాలం. ఆదివారానికి అది పులిసి పొంగింది. భక్తితో కళ్ళు మూసుకుని గ్లాసు ఎత్తినవాళ్ళందరూ ఒకేసారి కళ్ళు తెరిచారు. పై నెలనుంచి గిన్నె మళ్ళీ పెద్దమ్మ ఇంటికే వచ్చింది. పాపం సంగతి తర్వాత చూద్దామనుకున్నారు.

నేను గుంటూరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నప్పుడు నా నమ్మకం నన్ను వదిలి వెళ్ళిపోయింది. ఏ పుస్తకమూ దాన్ని లాక్కోలేదు, ఏ కష్టమూ రాలేదు. ఒకరోజు ప్రార్థన చేద్దామని కూర్చుంటే ఎవరితో మాట్లాడుతున్నానో నాకు తెలియలేదు. తర్వాత కూడా తెలియలేదు. చాలా భయపడ్డాను. మా అమ్మ శుక్రవారం ఉపవాసముండి ప్రార్థించే మనిషి. నేను పాసైతే ప్రభువు, నాకు జలుబు తగ్గితే ప్రభువు. ఆవిడకు ఈ మాట చెబితే కూతురు చచ్చిపోయిందన్నంత బాధపడుతుందని నాకు తెలుసు.

సెలవుల్లో ఇంటికొచ్చాను. పెద్దమ్మ వసారాలో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. ఆ ఘాటుకు వీధిలో పోయేవాళ్ళు కూడా తుమ్ముతున్నారు. నేను పక్కన కూర్చుని, ముక్కుకు చున్నీ కట్టుకుని, నాలుగు కాయలు తొడిమలు తీసి, మాట బయటపెట్టాను. పెడుతూనే ఏడుపొచ్చింది. ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాను. ఇక నా అవస్థ చెప్పనక్కర్లేదు. పెద్దమ్మ నన్ను రెక్క పట్టుకుని పెరట్లోకి లాక్కుపోయి ముఖాన చెంబులకొద్దీ నీళ్ళు కొట్టింది. నేను గొల్లున ఏడుస్తున్నాను. చూసినవాళ్ళంతా మిరపకాయల ఏడుపే అనుకున్నారు. ఆ ఏడుపు అంత స్వేచ్ఛగా నేను మరెక్కడా ఏడవలేకపోయేదాన్ని.

మంట తగ్గాక కొంగుతో నా ముఖం తుడిచి, "అమ్మకు చెప్పావా?" అంది. లేదన్నాను. ఆవిడ చెంబు గట్టున బోర్లించింది. తర్వాత తన సంగతి చెప్పింది. వేటపాలెంలో ఉండగా ఒకరోజు తీరిక దొరికి మనసులో వెతుక్కుంటే నమ్మకం కనపడలేదట. పోయిందే అని ఏడుద్దామంటే ఏడుపూ రాలేదట. భర్త పోయిన దుఃఖంలో దేవుడి మీద అలిగిందని కొందరు జాలిపడేవాళ్ళు. మొగుడు బతికుండగానే నమ్మకం పోయిందని, చచ్చిపోయిన మనిషి మీద ఎందుకు పెట్టాలని నవ్వింది. మరి పాటలు పాడతావు, రసం కాస్తావు, ఆ గ్లాసు ఒక్కటే ఎందుకు ముట్టవని అడిగాను. పాట పాటేనని, గ్లాసు అందుకుంటే మాట ఇచ్చినట్టని, ఇయ్యలేని మాట ఎందుకియ్యాలని అంది.

"దానికి ఇంత ఏడుపెందుకే పిచ్చిదానా. దేవుడుంటే నీ సంగతి ఆయనకు తెలుసు. లేకపోతే అడిగేవాళ్ళే లేరు. ఎటు చూసినా నువ్వు అన్నం తినొచ్చు. పద."

ఆవిడ పెట్టిన గోంగూర అన్నం తిన్నాను. ఆర్నెల్లుగా నా గుండెల మీద ఉన్న బరువు ఆ పూట దిగిపోయింది. లోకంలో నాలాంటి మనిషి ఇంకొకరు ఉన్నారని, ఆ మనిషి రోజూ పడుకుని లేస్తూ, నవ్వుతూ, తొడిమలు తీసుకుంటూ బాగానే ఉందని తెలియడం ఎంత పెద్ద సంగతో అప్పుడే తెలిసింది.

అయితే నీమీద ఈ నింద ఎందుకు మోస్తున్నావు, ఉన్న మాట చెప్పేయొచ్చుగా అని అడిగాను. దానికి ఆవిడ చెప్పిన జవాబు ఇప్పటికీ తలచుకుని నవ్వుకుంటాను.

"పాపం చేశాననుకుంటే నాకోసం ప్రార్థన చేస్తారు. నమ్మదని తెలిస్తే వాదనకొస్తారు. ప్రార్థనంటే వాళ్ళింట్లో వాళ్ళు చేసుకుంటారు. వాదనైతే నేనూ కూర్చోవాలి గదా."

వాదన అంటే ఆవిడకున్న ఆ భయం తర్వాత నావల్లే ఇంకా పెరిగింది. గుంటూరులో నాస్తికుల సభ జరుగుతుంటే నేనే ఉత్సాహపడి ఆవిడను తీసుకెళ్ళాను. ఒక పెద్దాయన మైకు పట్టుకుని మధ్యాహ్నం భోజనాల వేళ దాటేదాకా మాట్లాడాడు. దేవుడు లేడని చెప్పడానికి అంతసేపు ఎందుకో ఆవిడకు అర్థం కాలేదు. బస్సు ఎక్కాక, "మన పాస్టరు గారే నయం, ఆకలేళకు వదిలేస్తాడు" అంది. మళ్ళీ ఏ సభకూ రాలేదు.

చదువయ్యాక నాకు మంగళగిరిలో ఉద్యోగం వచ్చింది. ఆఫీసులో మధ్యాహ్నం డబ్బాలు విప్పుకున్నప్పుడు ఈ చర్చ తరచూ వస్తుంది. ఈ కాలం పిల్లలకు దేవుడంటే లెక్కలేదని, ఇంకో పాతికేళ్ళకు గుళ్ళూ చర్చీలూ ఖాళీ అవుతాయని ఒకాయన అంటాడు. కొండ మీద జనాన్ని చూసి మాట్లాడమని ఇంకొకావిడ అంటుంది. నాకు ఎటూ తేలేది కాదు. ఊరికెళ్ళినప్పుడు పెద్దమ్మను అడిగాను. ఏది పెరిగిందో ఏది తగ్గిందో తనకు తెలియదని, మైకులు మాత్రం పెరిగాయని అంది. మళ్ళీ తనే, "మా రోజుల్లో నాలాంటోళ్ళు నోరు మూసుకుని కళ్ళు తెరుచుకునేవాళ్ళు. ఇప్పటోళ్ళు రెండూ తెరుస్తన్నారు, అంతే తేడా" అంది.

నేను మాత్రం నోరు తెరవలేదు. మా అమ్మ రోజూ పొద్దున్నే ఫోన్ చేసి, నాకోసం ఫోన్లోనే ప్రార్థన చేస్తుంది. నేను స్పీకర్ పెట్టి, జడ వేసుకుంటూ, డబ్బా సర్దుకుంటూ, చివర్లో ఆమెన్ అంటాను. పదేళ్ళకు పైగా ఇదే వరస. ఆ ఒక్క మాట గొంతులో ముల్లులా గుచ్చుకునేది. అయినా అనేదాన్ని. మా అమ్మ మనసు విరిగిపోతుందన్న భయం ముందు ఆ ముల్లు ఏపాటిది?

పెద్దమ్మకు రెండేళ్ళ కిందట ఊపిరి ఆడని జబ్బు వచ్చింది. మా అమ్మే దగ్గరుండి చూసుకుంది. మొన్న దసరా సెలవుల్లో వెళ్ళినప్పుడు, అమ్మ బయటికి వెళ్ళిన సమయం చూసి, పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"నేను పోయాక, చివర్లో ప్రభువును ఒప్పుకుందని చెబుతారే. అందరి గురించీ చెబుతారు. ఆ తాగుబోతు ఏసోబు గురించి కూడా చెప్పారు. నా గురించి మాత్రం చెప్పనీయబాక."

అది నిజమే. మా సంఘంలో నమ్మకుండా చచ్చిపోయిన మనిషి ఇంతవరకూ లేడు. పక్కన ఎవరుంటే వాళ్ళు లేచి, ఆఖరి ఘడియలో పెదవులు కదిలాయనో, కన్నీటి చుక్క రాలిందనో సాక్ష్యం చెబుతారు. అందరూ హమ్మయ్య అనుకుంటారు. చెప్పనీయనులే అని మాటిచ్చాను. ఇచ్చేటప్పుడు అదెంత మాటో తట్టలేదు.

పోయిన నెలలో ఒక పొద్దున అమ్మ ఫోన్ చేసింది. ప్రార్థన మొదలుపెట్టలేదు. "అక్క పోయిందే" అంది. అంతే అంది. మా పేటలో ఎవరైనా పోతే ప్రభువునందు నిద్రించారంటారు. అమ్మ ఆ మాట అనలేదని నేను గమనించాను గానీ, ఆ దుఃఖంలో దాని గురించి ఆలోచించలేదు.

బస్సులో కూర్చున్నాక ఇచ్చిన మాట గుర్తొచ్చింది. ఆఖరి ఘడియలో పక్కనున్నది మా అమ్మ. సాక్ష్యం అడిగితే అమ్మనే అడుగుతారు. అక్క మీద ప్రేమకొద్దీ అమ్మ ఆ మాట అంటే, నేను లేచి కాదనాలి. నీకెలా తెలుసంటారు. నేనూ అంతే కాబట్టి తెలుసనాలి. పేటంతా వింటుండగా, అక్క శవం ముందు, మా అమ్మకు ఆ సంగతి తెలియాలి. లేవకపోతే, ఇయ్యలేని మాట ఇయ్యనని బతికిన మనిషి నోట్లో నేనే అబద్ధం పెట్టినట్టు. ప్రత్తిపాడులో దిగేదాకా నాకు ఏదీ తేలలేదు.

వసారా ముందు షామియానా వేశారు. ఐసు పెట్టెలో పెద్దమ్మ పడుకుని ఉంది. ఆ కళ్ళు మూసి ఉండటం నేను చూడటం అదే మొదలు. చూడలేకపోయాను.

సంఘపెద్ద, కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరు గారు ఒక పక్కన గుసగుసలాడుకుంటున్నారు. ఇన్నేళ్ళు ప్రభు భోజనం ముట్టని మనిషికి సమాధుల తోటలో చోటెలా ఇస్తామన్నది పెద్ద గారి బాధ. ఆయన చెడ్డవాడు కాదు, నియమం తప్పితే పైన లెక్క అప్పజెప్పాల్సింది తానేనని భయం. పాస్టరు గారు ఎటూ తేల్చుకోలేక చెమటలు తుడుచుకుంటున్నారు. ఆఖరికి పెద్ద గారికే ఉపాయం తట్టింది. ఆయన మా అమ్మ ఎదుటికి వచ్చి, అందరికీ వినపడేలా, చాలా నెమ్మదిగా అడిగాడు.

"అమ్మా, చివర్లో నువ్వేగా పక్కనుంది. పాపం ఒప్పుకుని ప్రభువును తలుచుకునే ఉంటుంది. ఆ ఒక్క మాట చెప్పు తల్లీ, చాలు."

ఎంత సులువైన పని. ఒక్క మాట చెబితే చోటు దొరుకుతుంది, పేట ఊపిరి పీల్చుకుంటుంది. నేను కుర్చీలోంచి సగం లేచాను.

"ఒప్పుకోలేదయ్యా" అంది మా అమ్మ.

నేను అలాగే సగం లేచి ఉండిపోయాను. అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని, పెద్ద గారి ముఖంలోకి చూస్తూ చెప్పింది.

"నేను అడిగా. అడగనా మరి, నా అక్క గదా. నువ్వు చేసుకోవే, నేను వింటా అంది. నేను చేశా. అక్క కళ్ళు తెరుచుకునే విన్నది. పాపం గీపం ఏం లేదయ్యా ఆమెకు. దేవుడున్నాడని అనిపించలేదు. అనిపించకుండా ఆ గ్లాసు పట్టుకుంటే అబద్ధమని ముట్టలేదు. మేం మిరపకోతకు పోయే రోజుల్లోనే నాకు చెప్పింది. ఇన్నేళ్ళు ఆమె ఆడని అబద్ధం ఇయ్యాళ ఆమె పక్కన కూర్చుని నేనాడాలా?"

ఆడవాళ్ళ వరసలోంచి మరియమ్మ మామ్మ గొంతు లేచింది. ఆవిడకు చూపు లేదు గానీ చెవులు పాము చెవులు.

"అయితే మరి వేటపాలెం?"

"వేటపాలెంలో జీడిపప్పు కొట్టింది మామ్మా" అంది అమ్మ.

"ఇంతేనా" అంది మామ్మ. ఆవిడ ముఖంలో తెరిపి, ఆశాభంగం రెండూ కనిపించాయి. "ఇన్నేళ్ళూ ఆ మేస్త్రీ మారుమనసు కోసం ఎంత ప్రార్థన చేశానే తల్లీ."

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఆపుకోవడం ఎవరి వల్లా కాలేదు. శవం దగ్గర అంత నవ్వు నేనెప్పుడూ వినలేదు. నవ్వు సద్దుమణిగాక ఒకావిడ, తన చిన్నకొడుకు కూడా అదే మాటంటున్నాడని, చర్చికి రమ్మంటే కొట్లాటని, తాను ఎవరితోనూ చెప్పుకోలేదని అంది. ఇంకొకావిడ తన అల్లుడి సంగతి చెప్పింది. పెద్ద గారు తల గోక్కుని, హైదరాబాదులో చదివే తన మనవరాలు మొన్న ఏమందో చెప్పబోయి, పాస్టరు గారిని చూసి ఆగిపోయాడు. ఎవరింట్లో వాళ్ళు గుట్టుగా దాచుకున్నది ఒక్కొక్కటే బయటికి వస్తోంది. వాదన ఎవరూ పెట్టుకోలేదు. పెద్దమ్మ చూసి ఉంటే అనవసరంగా ఇన్నేళ్ళు భయపడ్డానని అనుకునేది.

కుర్ర పాస్టరు గారికి అప్పటికి ధైర్యం వచ్చింది. ఆవిడ కాచిన రసం సంఘమంతా ఇన్నేళ్ళు తాగిందని, ఇప్పుడు చోటు లేదంటే ఆ రసం సంగతి ఏం చెప్పాలని పెద్ద గారిని అడిగారు. పెద్ద గారికి తన కోడలు కాచిన రసం గుర్తొచ్చిందేమో, మారు మాట్లాడకుండా గొయ్యి తవ్వేవాళ్ళకు చోటు చూపించడానికి తనే వెళ్ళాడు.

సమాధి దగ్గర ఆఖరి ప్రార్థన మొదలైంది. అందరూ తలలు వంచారు. నేను అలవాటు కొద్దీ కళ్ళు తెరిచాను. తెరిచాక గుర్తొచ్చింది, చూడటానికి ఇక ఎవరూ లేరని. నాకు చాలా ఒంటరిగా అనిపించింది. అయినా ఆవిడ ఎప్పుడూ నిలబడే వైపు, మా అమ్మ పక్కకు, చూశాను. అక్కడ రెండు కళ్ళు తెరిచి ఉన్నాయి. మా అమ్మవి. నన్నే చూస్తోంది.

నేను చటుక్కున కళ్ళు మూసుకోబోయాను. అమ్మ చిన్నగా తల అడ్డంగా ఊపింది. వద్దన్నట్టు. మేమిద్దరం అలాగే ఒకరినొకరం చూసుకుంటూ నిలబడ్డాం. తర్వాత అమ్మ కళ్ళు మూసుకుంది, తన ప్రార్థన తను చేసుకోవడానికి.

తిరిగి వస్తుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుని అందరికీ కాస్త వెనకగా నడిచింది. దారికి ఒక పక్క పత్తిచేలు, ఒక పక్క మిరపచేలు. ఎన్నాళ్ళయిందని అడిగింది. డిగ్రీ నాటినుంచని చెప్పాను. పెద్దమ్మ చెప్పిందా అన్నాను. అక్క అలాంటివి చెప్పదంది.

"నీ ఆమెనే చెప్పింది. ప్రార్థన అవకముందే అంటావు రోజూ."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. బాధగా ఉందా అని అడిగాను. ఉండదా మరి అంది. ఆ మాట దాచుకోకుండా అన్నందుకు నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. పదేళ్ళుగా నేను భయపడ్డ ఆ బాధ ఇదిగో, నా పక్కనే నడుస్తోంది, నా చెయ్యి వదలకుండా.

పేట కనపడేసరికి అమ్మ నడక నెమ్మది చేసింది. అప్పుడు కొంగు బిగించుకుని, నా వైపు చూడకుండా అంది.

"రేపట్నుంచి ఫోన్లో ఆమెన్ అనబాక. ఊరికే విను, చాలు. నీ సాలు కూడా నేనే కోస్తాలే."